కుంటి కాకి, సోయకూర పొరటు

వరంగల్, ఎనుమాముల మార్కెట్ గేటు
11 ఆగస్టు 2024

భీవండిలో ఉన్న మా అక్క వినోద సముఖానికి,

యావన్మంది ప్రజలకు, ముఖ్యంగా కండెలు చుట్టుకుంటూ తమ్ముడి మీద పళ్ళు నూరుతున్న అక్కలకు, ఇందుమూలంగా చాటించునది ఏమనగా: నేటి ఉదయం ఆరు గంటల నుండి సమ్మమ్మ గుడ్ల బండి మీద పొరటులో కరివేపాకు వేయుట పూర్తిగా నిషేధించడమైనది. వేసినవాడు, తిన్నవాడు, పక్కన నిలబడి వాసన చూసినవాడు ముగ్గురూ నేరస్తులే. తలా ఒక పచ్చిమిరపకాయ నీళ్ళు తాగకుండా నమలవలెను. ఈ సంగతి డప్పు కొట్టి చెప్పిద్దామనుకున్నాను. శ్రావణమాసం పెళ్ళిళ్ళలో డప్పువాళ్ళు దొరకలేదు. అందుకని ఉత్తరం.

చించకు. జర న్యాయం విను. ఫిబ్రవరిలో, అమ్మ పోయిన మూడో రోజు, నువ్వు ఆటో ఎక్కుతూ పెట్టుకున్న ఒట్టు నాకు బాగా గుర్తుంది. "ఇగ నీ మొఖం సూడ, నీ గొంతు ఇన" అన్నావు. ఫోన్‌లో నా నంబరు బంద్ చేశావు. సరే. ఆ ఒట్టులో మొఖం ఉంది, గొంతు ఉంది. చేతిరాత లేదు. పదో తరగతి మూడుసార్లు తప్పినవాడి చేతిరాత వాడి మొఖం కన్నా ఘోరంగా ఉంటుందని నువ్వంటే, అది వేరే కేసు, వేరే వాయిదా.

అమ్మ బండి మూత పడొద్దని ఆటో వదిలేసి నేనే నిలబడుతున్నాను. మార్కెట్ హమాలీలు అమ్మ మీది గౌరవంతో వస్తున్నారు, నా పొరటు తిని ఆ గౌరవం పోగొట్టుకుంటున్నారు. సోయకూర అంతే వేస్తాను, గుడ్లు అవే, పెనం అదే. నిన్న ఒకడు ముద్ద నోట్లో పెట్టుకుని, "రాయమల్లన్నా, ఇది పొరటా? గుడ్డుకు గడ్డి మొలిసినట్టున్నది" అన్నాడు. అమ్మ చేతి విద్య నీకు ఒక్కదానికే నేర్పింది. నాకు నేర్పితే గుడ్లు పెనం దాకా రావని ఆమె భయం.

హమాలీలు తిట్టినా పడతాను. అసలు సంగతి వేరే ఉంది. జూన్ నుంచి ఒక కాకి వస్తున్నది. కుంటిది. పొద్దున బండి తెరవగానే గేటు గోడ మీద కూర్చుంటుంది. బ్రెడ్డు వేస్తే ముట్టదు. ఉడికిన గుడ్డు వేస్తే ముట్టదు. పొరటు పెడితే మాత్రం దగ్గరికొచ్చి, ఒకసారి చూసి, మెడ వంచి నా దిక్కు చూస్తుంది. బడి ఎగ్గొట్టి ఇంటికొచ్చినప్పుడు అమ్మ చూసే చూపు. చూసి, కుంటుకుంటూ పోతుంది. నా మీద కోపం నా మీదే ఉంచుకో. ఆ కాకి ఏం పాపం చేసింది? పొరటు ఎట్లా చేయాలో రాయి.

బక్కమ్మ పెద్దమ్మ నిన్ను అడిగింది. పోయిన చలికాలం ఆమె స్లాబు మీద ఎండబోసిన మిరపకాయలకు కాపలాగా, పాత నల్ల గొడుగు చింపి నేను ఒక కాకిబొమ్మ కట్టిచ్చాను కదా, తలకిందులుగా వేలాడే చచ్చిన కాకి. దాన్ని అటక మీద దాచిపెట్టిందట, వచ్చే పంటకు కావాలట. చూశావా, లోకంలో నా పనితనానికి ఒక్కరన్నా గిరాకీ ఉన్నారు.

నీ తమ్ముడు,
రాయమల్లు

---

భీవండి
2 సెప్టెంబర్ 2024

రాయమల్లూ,

ఇది జవాబు కాదు. ఒట్టు పెట్టేటప్పుడు ఉత్తరాల సంగతి మరిచిపోవడం నా తప్పు, నీ తెలివి కాదు.

నా పెళ్ళిలో మీ బావకు ఉల్లిగడ్డ తప్ప ఏదీ పడదని అత్తగారి వాళ్ళకూ, మన వాళ్ళకూ చెప్పి, ఆయనకు మూడు రోజులు మూడు పూటలా ఉల్లిగడ్డ కూర తినిపించినవాడివి నువ్వు. ముప్పై ఏళ్ళయింది. ఇప్పటికీ ఆయన ఉల్లిగడ్డ చూస్తే నీ పేరే తలుచుకుంటాడు. అట్లాంటివాడు కాకి వచ్చిందంటే నేను నమ్మాలా?

అయినా అమ్మ పేరు పెట్టి ఆకలి అన్నావు. అందుకని ఒక్కటి చెబుతాను. గుడ్డు పగలగొట్టే ముందు ప్రతి గుడ్డునూ కుడి చెవి దగ్గర పెట్టుకో. కళ్ళు మూసుకుని మూడుసార్లు మెల్లగా ఊపు. లోపలి చప్పుడు శ్రద్ధగా వినాలి. అమ్మ అట్లనే చేసేది, నువ్వు ఎప్పుడూ చూడలేదు. వారం రోజులు చేస్తే తేడా నీకే తెలుస్తుంది.

ఆ కాకి కుంటేది ఏ కాలు? ఊరికే అడుగుతున్నాను.

వినోద

---

వరంగల్
20 సెప్టెంబర్ 2024

అక్కా,

నువ్వు నా అక్కవే. ఇన్నేళ్ళూ నాకు అనుమానం ఉండేది, దవాఖానలో మార్చేశారేమోనని. ఇప్పుడు పోయింది.

తొమ్మిది రోజులు ఊపాను. మార్కెట్ గేటు ముందర, వంద మంది చూస్తుండగా, కళ్ళు మూసుకుని, ప్రతి గుడ్డునూ కుడి చెవికి పెట్టుకుని. రెండో రోజే మొదలైంది. "అరేయ్, రాయమల్లన్న గుడ్డుతోని ఫోన్ మాట్లాడుతాండు." "అన్నా, అవుతల ఎవలున్నరు? కోడేనా?" "రాంగ్ నంబరేమో సూడు." ఐదో రోజు ఒక మిర్చి వ్యాపారి వచ్చి తన గుడ్డు కూడా జర చెవికి పెట్టి చూడమన్నాడు, ఈసారి రేటు ఏం పలుకుతుందో చెబుతానేమోనని. తొమ్మిదో రోజు సుకన్య బండి దగ్గరికొచ్చి చూసింది. నా పెళ్ళాం పెళ్ళైనప్పటి నుంచి అంత నవ్వడం నేను చూడలేదు. "అత్తమ్మ ఎన్నడు ఊపింది? మీ అక్క నిన్ను ఊపింది" అన్నది.

హమాలీలు మాత్రం పెరిగారు. తమాషా చూడ్డానికి వచ్చి తిని పోతున్నారు.

కాకి కుంటే కాలు అడిగావు. నాకు ఎదురుగా కూర్చుంటే కుడి. దానికది చూసుకుంటే ఎడమ.

నీ ఉత్తరం వచ్చిన రోజు సోయకూర కట్ట విప్పుతుంటే మన పాత ఇంటి వాకిలి గుర్తొచ్చింది. పరకాల దిక్కు నుంచి వచ్చే కూరగాయల బండి దగ్గర అమ్మ ఐదు కట్టలు తీసుకునేది. నువ్వు గడప మీద కూర్చుని ఆ వెంట్రుకల్లాంటి ఆకు తుంచేదానివి. బడిలో నీ పక్కన కూర్చున్న పిల్లలు నీ చేతులు వాసన చూసేవాళ్ళు. నేనేమో గుడ్డుకు సూదితో రంధ్రం పొడిచి, లోపలిదంతా పీల్చేసి, పసుపు నీళ్ళు నింపి, సున్నంతో మూసి బుట్టలో పెట్టాను గుర్తుందా? అమ్మ గిరాకీ ముందర పెనం మీద కొట్టింది. పసుపు నీళ్ళు! పెనం బుస్సుమన్నది. అమ్మ చేతిలో ఏముంటే దానితో కొట్టేది కదా, ఆ రోజు సోయకూర కట్టతో కొట్టింది. కొట్టినంతసేపు కొట్టి, దులిపి, కడిగి, అదే కట్ట పొరటులో వేసింది. నా వీపు రుచి ఆ రోజు పది మంది తిన్నారు.

ఇప్పుడు నిజమైన విద్య చెప్పు. బడాయి పోకు.

రాయమల్లు

---

భీవండి
14 అక్టోబర్ 2024

తమ్మీ,

గుడ్డుతో ఫోన్ మాట్లాడిన సంగతి చదివి నేను నవ్వుతుంటే మరమగ్గం సాంచాల చప్పుడులో కూడా మీ బావకు వినబడింది. లోపలికొచ్చి ఏమైందన్నాడు. చెప్పాను. "ఉల్లిగడ్డల బాకీ తీరింది" అన్నాడు.

రాసుకో. గుడ్లు గిన్నెలో గిలకొట్టకు. నేరుగా పెనంలోనే పగలగొట్టు. సోయకూరకు కత్తి పెట్టకు, చేత్తో తుంచు. కాడలు వేరు, లేత కొసలు వేరు. కాడలు సన్నగా విరిచి ఉల్లిగడ్డ, పచ్చిమిరపతో పాటు కాగిన నూనెలో వెయ్యి. అవి మగ్గి వాసన ఇల్లంతా తిరిగినప్పుడు పసుపు, తర్వాత గుడ్లు. గుడ్డు పడగానే కెలకొద్దు. అంచులు తెల్లబడేదాకా ఆగి, అప్పుడు అడుగు నుంచి పెద్ద పెద్ద ముక్కలుగా తిప్పు. ఉప్పు చివర్లో. ముందే వేస్తే నీళ్ళు వదులుతుంది. ఇంకా తడి తడిగా ఉన్నప్పుడే పొయ్యి ఆపు. లేత కొసలు ఏం చేయాలో తర్వాత చెబుతాను.

ఇక్కడ సోయకూరను షేపు అంటారు. పోయిన ఆదివారం ఒక కట్ట తెచ్చి నేనూ చేశాను. అమ్మ పోయాక మొదటిసారి. బాగానే వచ్చింది. తినలేకపోయాను.

నువ్వు కాకి కాకి అని రాస్తున్నావు, అందుకని చెబుతున్నాను. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు మన స్లాబు మీద నలభై మంది ఉన్నారు. అన్నం, మాంసం, కల్లు, నడుమ నా చేతి పొరటు. అమ్మకు అదంటే ప్రాణమని నేనే చేశాను. గంట చూశాం. ఒక్క కాకి రాలేదు. సారయ్య పెద్దబాపు, "తల్లి మనసుల ఏదో ఉన్నది బిడ్డా, అడుగు" అన్నాడు. నేను చేతులు జోడించి నిలబడితే నువ్వు వెనక నుంచి, "అక్క ఉప్పుకు అమ్మ బతికున్నప్పుడే భయపడేది, ఇప్పుడేం ముట్టుతది" అన్నావు. నలభై మంది నవ్వారు. చావింట్లో నవ్వారు.

నిజం చెప్పాలంటే నీ మాటకు కాదు నేను ఏడ్చింది. జనవరిలో అమ్మ ఫోన్ చేసి, "ఒక్కపాలి అచ్చిపో బిడ్డా" అన్నది. పెద్ద ఆర్డరు నడుస్తున్నది, సాంచాలు బందైనంక వస్తా అన్నాను. వచ్చేసరికి అమ్మ పాడె మీద ఉంది. అందుకే ముట్టలేదు. నాకు తెలుసు. నాతో కోపంగా పోయింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పేదాన్ని కాదు. చేతిరాత కాబట్టి చెప్పాను.

వినోద

---

వరంగల్
9 నవంబర్ 2024

అక్కా,

ఈసారి చాటింపు లేదు.

నువ్వు రాసినట్టే చేశాను. హమాలీలు మాట్లాడకుండా తిన్నారు. వాళ్ళు మాట్లాడలేదంటే బాగున్నట్టు. ఒక ముసలాయన పళ్ళెం తుడుచుకుని తిని, "సమ్మమ్మ కనబడ్డది" అన్నాడు. "పూర్తిగా కాదు, వెనక నుంచి పోతున్నట్టు" అన్నాడు.

కాకి ఈ రోజు ఒక ముక్క నోట పట్టుకుంది. పట్టుకుని మింగలేదు. నా వెనక ఇంకెవరో నిలబడాలన్నట్టు చూసింది. తర్వాత అక్కడే పెట్టి పోయింది.

నీకు ఒక సంగతి చెప్పాలి. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చించాను. నేను చెబితే నువ్వు నమ్మవు, నమ్మించే ముఖం నేను ఉంచుకోలేదు. వచ్చినంక నీ కళ్ళతో నువ్వే చూడు.

ఫిబ్రవరి మొదటివారంలో అమ్మ ఏడాది. నువ్వు రా. పొరటు నువ్వే చెయ్యాలి. ఒట్టు గురించి ఫికర్ పెట్టుకోకు, దానికి ఏర్పాటు చేశాను. నువ్వు ఉన్నన్ని రోజులు నా మొఖానికి తువ్వాల చుట్టుకుంటాను, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. గొంతు తీయను. పలక, బలపం కొన్నాను. షాపువాడు, "మనుమడికా?" అన్నాడు. "నాకే, మళ్ళీ ఒకటో తరగతిల జేరుతున్న" అన్నాను.

రాయమల్లు

---

భీవండి
12 జనవరి 2025

తమ్మీ,

టికెట్టు తీసుకున్నాం. నేనూ, మీ బావా. తువ్వాల జారితే ఆ క్షణమే తిరుగు బండి ఎక్కుతాను.

సోయకూర మూడు కట్టలు తెప్పించి పెట్టు, పొద్దున కోసినవి కావాలి. లేత కొసల సంగతి కాగితం మీద రాసేది కాదు. వచ్చి చూపిస్తాను.

ఆయన ఉల్లిగడ్డ వద్దంటున్నాడు. నీ ఇంట్లో మాత్రమే వద్దట.

వినోద

---

భీవండి
19 ఫిబ్రవరి 2025

నా తమ్ముడు రాయమల్లుకు,

క్షేమంగా చేరాం. దారంతా మీ బావ నీ పలక గురించే నవ్వాడు. అంత మందిలో నువ్వు దొంగలాగా తువ్వాల చుట్టుకుని, పలక మీద "అన్నం వడ్డించనా?" అని రాసుకుని తిరుగుతుంటే సారయ్య పెద్దబాపు నీకు గొంతులో ఏదో జబ్బు చేసిందనుకున్నాడు. నా దగ్గరికొచ్చి, "పాపం, నోరు పడిపోయిందా బిడ్డా? మంచిగైంది" అన్నాడు.

ఆ పొద్దున నీకు చూపించింది నువ్వు సరిగ్గా చూశావో లేదో. పొయ్యి ఆపాక లేత కొసలను రెండు అరచేతుల మధ్య నలిపి పైన చల్లాలి, వెంటనే మూత. మూత ఎంతసేపు ఉంచాలన్నది అసలు విద్య. అమ్మ దగ్గర గడియారం లేదు కదా. మూత మీద చెయ్యి పెట్టి తన వాళ్ళ పేర్లన్నీ వరుసగా మనసులో చదువుకునేది. మన బాపు పేరు, సారయ్య పెద్దబాపు, నేను, నువ్వు, బావ, సుకన్య, మన పిల్లలు. పేర్లు అయిపోయినప్పుడు మూత తీసేది. పెళ్ళికి ముందే నాకు నేర్పింది, తర్వాత వచ్చినవాళ్ళ పేర్లు కలుపుకుంటూ పోయింది. ఆ రోజు నేను కూడా అట్లనే చదివాను. ముందు అమ్మ పేరు కలిపాను.

విస్తరి పెట్టి ఇటు తిరిగానో లేదో, మూడు కాకులు! మొదటి ముక్కే పొరటు. నాకు తెలియకుండానే, "రాయమల్లూ, సూడురా!" అని అరిచి నీ మొఖం మీది తువ్వాల గుంజేశాను. ఒట్టు నేనే తీసేసుకున్నాను, పో. "ఏదిరా కుంటిది?" అంటే నువ్వు పలక మీద "నడిమిది" అని రాసి చూపించావు. గొంతు తీయొచ్చని అప్పటికీ నీకు తట్టలేదు.

ఏడాది తర్వాత నిన్న రాత్రి నిండా నిద్రపోయాను. అమ్మకు నా మీద కోపం లేదు. నన్ను పిలవడానికే ఆ కుంటి కాలుతో రోజూ గేటు దాకా వచ్చింది. నువ్వు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెప్పినవాటిలో నేను నమ్మింది ఇదొక్కటే, ఇదొక్కటే నిజమైంది.

ఇక్కడ మన వాళ్ళ కంసాలి ఉన్నాడు. వెండితో చిన్న కాకి చేయమని చెప్పాను, ఎడమ కాలు జర పొట్టిగా. అమ్మ ఫోటో ముందర పెట్టడానికి. కంసాలి, "ఇన్నేళ్ళల్ల కుంటి కాకిని ఎవ్వలు అడగలేదమ్మా" అన్నాడు.

నీ అక్క,
వినోద

---

వరంగల్
3 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి సుకన్యతో చదివించుకున్నాను. ఆమె చదవడం ఆపి, "ఇప్పటికన్నా చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నది.

చెబుతాను. నవంబర్‌లో చించిన కాగితం ఇది.

ఆ మూడో రోజు కాకి రాకపోవడానికి అమ్మకు సంబంధం లేదు. నాకు ఉంది. బక్కమ్మ పెద్దమ్మ స్లాబు మన స్లాబుకు ఆనుకునే ఉంది, నడుమ నీళ్ళ ట్యాంకు అడ్డం. ట్యాంకు అవుతల, వెదురు కట్టెకు, తలకిందులుగా, రెక్కలు చాచుకుని నేను కట్టిన ఆ గొడుగు కాకి వేలాడుతున్నది. అమ్మ పోవడానికి పది రోజుల ముందు కట్టాను. చచ్చిన కాకి వేలాడేచోటికి ఏ కాకి వస్తుంది? ఆ వాడకే రాలేదు. నలభై మందిలో ఒక్కరికీ అది తోచలేదు, కట్టినవాడికి కూడా తోచలేదు. కట్టినవాడు వెనక నిలబడి ఉప్పు మీద జోకులేస్తున్నాడు.

నువ్వు ఏడ్చుకుంటూ మెట్లు దిగినంక నేను ట్యాంకు పక్కకు పోతే కనబడింది. విప్పుకుని కిందికి ఉరికాను. నీ ఆటో సందు తిరిగింది. బొమ్మ చేతిలో పట్టుకుని నడిబజారులో నిలబడ్డాను. నన్ను చూసి ఇంకొకడు నవ్వాడు.

ఫోన్ చేస్తే నంబరు బంద్. చేసినా ఏమని చెప్పాలి? "అక్కా, నా బొమ్మ వల్ల కాకి రాలేదు" అంటే, "ఇగో, ఇంకొకటి అల్లిండు" అనేదానివి. ఉల్లిగడ్డల నుంచి నేను సంపాదించుకున్న పేరు అది. ఈసారి ఏడాదికి రెండు రోజుల ముందు బక్కమ్మ పెద్దమ్మ మళ్ళీ బొమ్మ కట్టమన్నది. కట్టలేదు, ఆ రెండు రోజులూ ఆమె మిరపకాయలకు నేనే కాపలా కూర్చున్నాను. బొమ్మ లేదు, మూడు కాకులు వచ్చాయి. నువ్వే చూశావు. నా మాట నమ్మకు, బక్కమ్మ పెద్దమ్మకు ఫోన్ చెయ్యి. గొడుగు ఇంకా ఆమె అటక మీదే ఉంది.

ఇంకొకటి. పేర్లు చదివే సంగతి నువ్వు రాసేదాకా నాకు తెలియదు. అమ్మ మూత మీద చెయ్యి పెట్టి పెదాలు కదిలిస్తుంటే దేవుడి నామాలనుకునేవాణ్ణి. పొద్దున ఆటో ఆపుకుని పక్కన నిలబడి, "జల్ది తియ్యవే, గిరాకీ పోతాండు" అని తొందర పెట్టేవాణ్ణి. జనవరిలో నీతో ఫోన్ మాట్లాడిన రోజు, ఆ తర్వాత కూడా, మంచం పట్టేదాకా ఆమె బండి మీదే ఉంది. ఎప్పుడూ అంతసేపే మూత ఉంచింది. ఒక్క పేరు తీసేసినా ఒక్క గుక్క ముందు తీసేది కదా? తీయలేదు. ఇది నేను అల్లింది కాదు. రోజూ పక్కన నిలబడి విసుక్కున్నవాడికి ఎంతసేపో బాగా తెలుస్తుంది.

నేను కూడా ఇప్పుడు పేర్లు చదువుతున్నాను. నీది మొదట పెట్టాను. హమాలీలు, "మళ్ళ ఎవలికి ఫోన్ జేస్తున్నవన్నా?" అంటున్నారు. భీవండికి అంటున్నాను.

ఇక ఆ వెండి కాకి. ఎడమ కాలు పొట్టి చేసుకుని అది అమ్మ ఫోటో ముందర కూర్చుంటే ఏటేటా దాని మొఖం నేను చూడలేను. నిజం చెబితే రావని, వస్తే తప్ప నిజం కనబడదని, ఆగస్టులో బండి మీద ఖాళీగా కూర్చున్నప్పుడు ఒకటి అల్లాను. గేటు గోడ మీదికి వచ్చిందీ లేదు, మెడ వంచి చూసిందీ లేదు. ఆ రోజు మూడు కాకుల్లో నడిమిది నీకన్నా నాకన్నా చక్కగా నడిచింది. నీ కళ్ళద్దాలకు ఆవిరి పట్టి ఉంది, నేను పలక మీద రాసేశాను.

కుంటి కాకి లేదక్కా. మొదటి నుంచీ లేదు. కంసాలికి చెప్పి రెండు కాళ్ళూ సమానంగా పెట్టించు.

నీ తమ్ముడు,
రాయమల్లు